చెప్పకుండా వెళ్ళేవాళ్ళ ఇల్లు

మలేసియా వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు నల్ల తోలు బూట్లున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆకుపచ్చ రబ్బరు చెప్పులున్నాయి. అందులోనూ ఎడమది కుడిదానికన్నా ఒక సైజు చిన్నది. విశాఖపట్నం విమానాశ్రయానికి నా కోసం వచ్చిన మా బావమరిది ముందు నా కాళ్ళ వైపు, తర్వాత నా ముఖం వైపు చూశాడు. మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అడగలేదు. మా వీధివాళ్ళకు అంత మర్యాద లేదు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒక్కసారే రాసేస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. నాగావళి ఒడ్డున మాకొక దివాణం ఉండేది. ఇప్పుడు అందులో మిగిలినవి రెండు గదులు, ఒక ఇత్తడి ముద్ర, నిటారుగా కూర్చునే అలవాటు. రెండు గదుల్లో ఒకటి కురుస్తుంది. అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఇంటికి వచ్చినవారు ఎవరైనా వెళ్ళేటప్పుడు 'సెలవు' అనాలి, మేము 'మంచిది' అనాలి. ఆ 'మంచిది' అనేదాకా వాళ్ళు కదలకూడదు. భూములు పోయినా ఈ హక్కును ఏ ప్రభుత్వమూ మా దగ్గర లాక్కోలేదు. నేను ముప్పైయేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. గంట కొట్టిన తర్వాత కూడా పిల్లలు 'సెలవా మాష్టారూ' అనకుండా బెంచీ దిగేవారు కాదు. వాళ్ళకది ఆకలి వేళ అని నాకు ఈ ప్రయాణం తర్వాతే తోచింది.

మలేసియాలో ఇపో అనే ఊరి తెలుగువారు పాత ఉత్తరాంధ్ర మాటల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వాళ్ళ పెద్దలు వందేళ్ళ కిందట మా ప్రాంతం నుంచే తోటల పనికి ఓడలెక్కి వెళ్ళారు. పిలుపులో 'దొరవంశీకులు' అనే మాట ఉంది. ఆ మాట చూశాక వెళ్ళకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఇత్తడి ముద్రను పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను.

సైబర్‌జయ

విమానాశ్రయంలో కస్టమ్స్ అమ్మాయి ఆ ముద్రను చేత్తో తూచి, దేనికని అడిగింది.

"అనుమతులు ఇవ్వడానికి" అన్నాను.

ఎవరికని అడిగింది. నిజాయితీగా ఆలోచించి, ఇప్పుడు ఎవరికీ కాదని చెప్పాను. ఆమె నవ్వి, పట్టుగుడ్డను నాకన్నా అందంగా చుట్టి ఇచ్చింది.

బయట ఒక తెల్లావిడ నిలబడి ఉంది. ఆరడుగుల మనిషి, నెరిసిన పొట్టి జుట్టు, పువ్వుల చొక్కా. నన్ను చూసి, "ఒచ్చినావా బావూ? అలిసిపోనావేటి?" అంది. మాట్లాడిందెవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక చైనా కుటుంబం ఒకటి సామాను సర్దుకుంటోంది తప్ప ఎవరూ లేరు.

ఆవిడ పేరు ఇల్జె. పుట్టింది లాట్వియాలో, అది సోవియట్ యూనియన్‌లో ఒక ముక్కగా ఉన్న రోజుల్లో. ముప్పై ఏళ్ళు దాటాక ఆ దేశం విడిపోయి, చేతికి పాస్‌పోర్టు వస్తే, లెక్కలు చెప్పే ఉద్యోగం వెతుక్కుంటూ మలేసియా వచ్చింది. ఇక్కడ ఒక తెలుగు ఇంజినీరును పెళ్ళి చేసుకుంది. ఆయన సముద్రంలో నూనె తీసే చోట పనిచేస్తాడు. నెలలో మూడు వారాలు నీళ్ళ మీదే. ఇల్జె సైబర్‌జయలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, ఇపో సంఘం పనుల్లో చెయ్యేస్తూ ఉంటుంది. తెలుగు నేర్పింది అత్తగారు. ఆవిడ బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో పుట్టి, జీవితంలో ఎవరినీ 'మీరు' అనలేదట. కాబట్టి ఇల్జె తెలుగులో ఆ మాట లేదు. నన్ను మొదటిసారి 'నువ్వు' అన్నప్పుడు నా వెన్ను ఇంకో అంగుళం నిటారైంది. ఆవిడ గమనించలేదు. గమనించి ఉంటే మళ్ళీ అనేదని ఇప్పుడు తెలుసు.

మర్నాడు పొద్దున్న వాళ్ళ ఇంటి దగ్గర తమిళ ముస్లింల హోటల్లో రోటీ చానాయ్ తిన్నాం. మన పరోటాకు దూరపు చుట్టం, దాంతో పాటు పల్చటి పప్పు. ఒక్కోటి రెండు రింగిట్లు, అంటే మన లెక్కలో నలభై రూపాయలు. టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చేతికందినంత దూరం లాగి పోస్తారు. నేను ఆ వింత చూస్తూ ఉండగానే ఇల్జె మాయమైంది. ఒక్క మాట లేదు. నా చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి నేను కూర్చున్నాను. ఆవిడ తిరిగి వచ్చి సెలవు అడుగుతుందని, తర్వాత లేద్దామని. అరగంట గడిచింది. హోటలతను రెండోసారి బల్ల తుడిచి, మూడోసారి నన్ను కూడా తుడిచేలా కనిపించాడు. చివరికి రోడ్డు అవతల కారులోంచి ఇల్జె హారన్ కొట్టింది.

చెప్పకుండా వెళ్ళడం ఏం పద్ధతని అడిగాను. అది వాళ్ళ అత్తవారింటి వాడుకట. ఆ ఇంట్లో ఎవరూ 'వెళ్ళొస్తాను' అనరు. పనికైనా, పట్నానికైనా, పరదేశానికైనా పెరటి గుమ్మంలోంచి ఊరికే వెళ్ళిపోతారు. మామగారి తాత మా వైపు ఏదో దివాణం నుంచి అలాగే, తెల్లారేసరికి లేకుండా పోయాడు. అప్పటినుంచి అదే ఇంటి ఆచారమైంది. ఆవిడ పెళ్ళయిన కొత్తలో మొగుడు మూడు వారాలకు అలా వెళ్ళిపోతే, తనను వదిలేశాడనుకుని పెట్టె సర్దుకుందట.

సాయంత్రం వాళ్ళ ఇంట్లో నా చిన్నతనం గురించి చెప్పాను. మా ఊరికి ఆ రోజుల్లో సోవియట్ పత్రికలు చవగ్గా వచ్చేవి. అంత నున్నటి కాగితం మేము ఇంకెక్కడా చూడలేదు. మా భూములు లాక్కోవాలనేవాళ్ళ పత్రిక అని నాన్నగారు గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అమ్మ మాత్రం పెరటి దారిన తెప్పించి మా పుస్తకాలకు అట్టలు వేసేది. నా లెక్కల పుస్తకం మీద తలకు తెల్లగుడ్డ కట్టుకుని ట్రాక్టరు మీద నవ్వుతున్న అమ్మాయి ఉండేది. ఆరో తరగతి అంతా నేను ఆ అమ్మాయి దేశం వెళ్ళిపోదామనుకున్నాను.

ఇల్జె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. వాళ్ళ ఊరికీ ఒకసారి ఫొటోలవాళ్ళు వచ్చారట. ఆడవాళ్ళందరికీ కొత్త తలగుడ్డలు పంచి, నవ్వమని, ఫొటోలు తీసుకున్నారు. తర్వాత తలగుడ్డలు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. ఒకటి తక్కువైతే మళ్ళీ లెక్కపెట్టారు. ఆ ఒకటి వాళ్ళమ్మ లంగాలో ఉంది.

అసలు పని అప్పుడు బయటపెట్టింది. మామగారి పేరు అప్పలసామి, ఎనభై ఆరేళ్ళు. ఆయన తాత చనిపోయే ముందు 'సెలవు తీసుకోనేదు, సెలవు తీసుకోనేదు' అని ఏడ్చాడట. ఎప్పటికైనా ఆ దివాణం మనిషి కనిపిస్తే తాత పేరున సెలవు చీటీ రాయించుకుంటానని అప్పలసామిగారు తన తండ్రికి మాటిచ్చారు. ఇన్నేళ్ళూ ఎవరూ కనిపించలేదు. ఆ దివాణం పేరు వాళ్ళకు తెలియదు, నాగావళి ఒడ్డుదని మాత్రం తెలుసు. ఇప్పుడు నేను దొరికాను. అందుకే నన్ను పిలవమని ఆయన ఇపోవాళ్ళ ప్రాణం ఆరు నెలలు తిన్నారట.

నా మనసు పొంగింది. నా జీవితంలో నన్ను ఎవరూ ఏ అనుమతీ అడగలేదు, ఆరో తరగతి పిల్లలు తప్ప. ఇచ్చేస్తానన్నాను, ముద్ర కూడా తెచ్చానన్నాను.

"ఇవ్వకు బావూ" అంది ఇల్జె.

ఎందుకన్నాను.

"ముద్ర ఏసి ఎల్లమన్నోడు, ముద్ర ఎయ్యకుండా ఆపగలడు కూడా. ఇప్పుడు నువ్వు ఏసినావంటే, ఆ రోజు ఆపడం మీ హక్కే అని మామ ఒప్పుకున్నట్టు లా."

ఆ 'లా' అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడినా చివర తగిలించే తోక. లెక్కలావిడ కదా, లేని చిక్కులు వెతుకుతోందనుకున్నాను. మాటిచ్చిన ముసలాయన అడుగుతుంటే మధ్యలో ఈవిడెవరు?

ఇపో

ఇపోలో కాఫీ తెల్లగా ఉంటుంది. వెన్నతో వేయించిన గింజలట. నాలుగు రింగిట్లు. పింగాణీ కప్పు అంచు దళసరిగా ఉండి, తాగుతుంటే మేనత్త పెరుగుగిన్నె గుర్తొచ్చింది. ఇంతకన్నా ఆ ఊరి గురించి నాకు ఎక్కువ తెలియదు, ఎందుకంటే అక్కడ నేను చేసిన పని తర్వాత తలెత్తి సరిగా ఏదీ చూడలేదు.

సభలో వందమంది దాకా ఉన్నారు. పెద్దవాళ్ళు తెలుగులో, నడివయసువాళ్ళు తమిళంలో, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నేను పాత మాటల గురించి చెప్పాను. కూకోవడం, ఎల్లడం, ఏటి, కూసింత. ఒక్కో మాటకూ ముసలమ్మలు తప్పిపోయిన మేక దొరికినట్టు నవ్వారు. ఆ ఉత్సాహంలో మా ఇంటి కథ ఒకటి ఎత్తుకున్నాను. మూడు తరాలుగా మా ఇంట్లో అది చెబితే నవ్వనివాళ్ళు లేరు.

మా ముత్తాతగారి రోజుల్లో పొలం పనిచేసే కంబారి ఒకడు సెలవు లేకుండా పారిపోయాడు. బంట్రోతులు వాడి తల్లిని తెచ్చి దివాణం వాకిట్లో ఎండలో కూర్చోబెట్టారు. కొడుకెక్కడ అంటే "నాకు సెప్పనేదు బావూ" అంటుంది. పొద్దుటినుంచి పొద్దువాలేదాకా అదే మాట. ఆఖరికి మా ముత్తాతగారే మెట్లు దిగి వచ్చి, పోనీ వాడు చివరిసారి నీతో ఏమన్నాడో చెప్పమని గద్దించారట. ముసలామె బాగా ఆలోచించి, "మరి కూసింత గంజి పొయ్యమన్నాడు బావూ" అందట.

మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా డొంకతిరుగుడు జవాబు చెబితే 'మరి కూసింత గంజి' అంటాం.

సభలో ఒక్కరు నవ్వారు. ఆ ఒక్కరూ నేనే. ముందు వరుసలో ముసలమ్మలు నా బూట్లకేసి చూస్తున్నారు. ఇల్జె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం ఆమె రంగుకన్నా తెల్లబడింది. తర్వాత శాలువా కప్పారు. వేడి ఊళ్ళో శాలువా బరువు ఎంతో ఆ రోజు తెలిసింది.

కాఫీ హోటల్లో ఇల్జె చాలాసేపు చెంచా తిప్పుతూ కూర్చుంది. కాఫీలో పంచదార లేదు. ఆ తర్వాత చెప్పింది. నేను నా మాటల్లో రాస్తున్నాను. ఆమె మాటల్లో రాస్తే సగం మందికి అర్థం కాదు, మిగతా సగం మంది నవ్వుతారు.

వాళ్ళది సముద్రపు ఊరు. ఎవరూ దేశం దాటి పోకుండా ఆ తీరమంతా కంచె వేసినట్టే ఉండేదట. పొద్దువాలితే ఒడ్డుకు వెళ్ళకూడదు. పక్క ఊరి చుట్టాలు రావాలన్నా కాగితం ఉండాలి. సాయంత్రం సైనికులు పళ్ళ దంతెతో ఒడ్డున ఇసుకను జుట్టు దువ్వినట్టు దువ్వేవారు. పొద్దున్న దాని మీద అడుగు కనిపిస్తే, అది ఎవరిదో, నీళ్ళ వైపు వెళ్ళిందా, నీళ్ళలోంచి వచ్చిందా అని ఊరంతా విచారణ. ఒకసారి కుక్క మీద కూడా జరిగిందట. ఇంట్లో ఏదైనా గట్టిగా మాట్లాడాలంటే వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మాట్లాడుకునేవారు. నీళ్ళు రాని రోజుల్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడేవారు కాదు.

ఆమె మేనమామ చేపల ఓడలో కళాసీ. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, ఓడ బయలుదేరే ముందురోజు ఇంటికి వచ్చాడు. వాళ్ళమ్మ పుల్లటి ఆకుకూరతో సూపు చేసింది. ఆ కూర మన చుక్కకూరేనట. మేనమామ ఎప్పుడూ మారు వడ్డించుకునే మనిషి కాదు. ఆ రోజు ఇంకాస్త పొయ్యమన్నాడు. తిన్నాడు, వెళ్ళాడు. ఓడ అతను లేకుండా తిరిగి వచ్చింది. ఏదో పరాయి రేవులో దిగి మళ్ళీ ఎక్కలేదు.

తర్వాత ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చి వాళ్ళమ్మను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకటే ప్రశ్న. నీ తమ్ముడు నీతో ఏం చెప్పి వెళ్ళాడు? చెప్పలేదు అంది. మరి చివరిగా ఏమన్నాడు?

"ఇంకాస్త సూపు పొయ్యమన్నాడు అంది మాయమ్మ. ఆల్లు అది రాసుకున్నారు లా, బావూ."

వాళ్ళమ్మకు బడిలో ఉద్యోగం పోయింది. బడి తుడిచే ఉద్యోగం వచ్చింది. పిల్ల పెద్దయ్యాక, లెక్కల్లో ఎవరి గురించీ తప్పుగా మాట్లాడడానికి వీల్లేదు కదా అని లెక్కలు చదివించింది. చాలా ఏళ్ళ తర్వాత కెనడా నుంచి ఒక కార్డు వచ్చింది. సంతకం లేదు. 'ఇక్కడి సూపు అంత బాగుండదు' అని ఒక్క ముక్క. వాళ్ళమ్మ దాన్ని ఎవరో దాచిన తలగుడ్డలో చుట్టి దాచుకుంది. దాచినవారెవరో మీకు తెలుసు.

నేను, ఆయన కనీసం అక్కతోనైనా చెప్పి ఉండాల్సింది అన్నాను. అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాట.

ఇల్జె నా వైపు చూసింది. "సెప్పినోడు తప్పించుకుంటాడు. ఇన్నోల్లు సిక్కిపోతారు. సెప్పకపోతే మాయమ్మ అబద్ధం ఆడక్కర్నేదు. సెప్పకుండా ఎల్లడమే పేమ బావూ. మీ వాకిట్లో కూకున్న ముసల్దానికి తెలుసు అది. మీ ఇంటోల్లకే తెల్నేదు."

అరవై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. విశ్వాసం లేని కంబారి కథ అని నేను చెప్పుకు తిరుగుతున్నది ఏ కథో కాఫీ చల్లారాక తెలిసింది. డబ్బులు నేనిచ్చాను. ఎనిమిది రింగిట్లు.

బాగన్ దాతుక్

నాలుగో రోజు కొబ్బరితోటల మధ్య గంటల తరబడి ప్రయాణించాం. తోట ఆగితే నూనె తాటిచెట్లు, అవి ఆగితే మళ్ళీ కొబ్బరి. కళ్ళు మూసుకుంటే కోనసీమ, తెరిస్తే మలయ్ అక్షరాల బోర్డులు. ఇల్జె కారు వేగంగా నడుపుతుంది. రెండుసార్లు దారి కావాలని మార్చింది. ఎందుకని అడిగితే, ఎవరినీ అడగక్కర్లేదు కాబట్టి అంది.

ఇంటికి వెళ్ళే ముందు తీరం దగ్గర ఆపింది. అక్కడ ఇసుక లేదు. నల్లటి బురద, దాని మీద పీతలు. ప్రతి వారం వచ్చినప్పుడల్లా ఆవిడ ఈ బురద మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకుంటుందట. ఎవరూ విచారణ చెయ్యరు కదా. నన్నూ నడవమంది. మా వంశంలో ఎవరూ బురదలో దిగలేదన్నాను. అయితే నువ్వే మొదటోడివి బావూ అంది. పది అడుగులు వేశాను. పదకొండోది మోకాలి దాకా దిగింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆరడుగుల ఆవిడ బోర్లా పడుకుని చెయ్యి పెట్టి దాన్ని తీసింది. ఆ బురదలో ఆ అడుగులు చూసినవాళ్ళు ఎవరైనా అక్కడ ఏం జరిగిందో ఊహించలేరు.

అప్పలసామిగారి ఇల్లు రేకుల కప్పుతో, పచ్చరంగు వేసిన చెక్క ఇల్లు. ముందు గుమ్మం దగ్గర నా బూట్లు కడిగి ఎండబెట్టారు. ముసలాయన సన్నగా, కొబ్బరి మట్టలా ఉన్నాడు. ఇప్పటికీ మోటారు సైకిలు మీదే తోటకు వెళ్తాడట. నాకు టేకు కుర్చీ వేసి, తాను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద అన్నీ సిద్ధం. గీతల కాగితం, పెన్ను, ఆ ఉదయమే కొన్న స్టాంపు ప్యాడ్. దాని మీద ధర చీటీ ఇంకా ఉంది. ముద్ర చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని తూచాడు.

"బరువే లా" అన్నాడు. "కానీ దీంతో కొబ్బరికాయ పగలదు."

మనవరాలు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నవ్వు మాత్రం శుద్ధమైన శ్రీకాకుళం నవ్వు.

ఇల్జె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను పెన్ను మూత తీశాను. ఏం రాయాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. దయతో, అనుగ్రహించి, ఇందుమూలంగా, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పెన్ను కాగితం మీద ఆగిపోయింది. పెన్ను మూత పెట్టి, మీ తాతగారికి సెలవు రాసే ముందు ఒక కథ చెప్పాలి, వినండి అన్నాను. ఇపోలో చెప్పిన కథే. ఈసారి నవ్వుతూ చెప్పలేదు. ఎండలో కూర్చోబెట్టింది మా వాళ్ళేనని, అడిగింది మా ముత్తాతగారేనని, ఆ ముసలామె జవాబు మీద మేము మూడు తరాలు నవ్వామని, నవ్వినవారిలో నేనూ ఉన్నానని చెప్పాను.

అప్పలసామిగారు కదలకుండా విన్నారు.

"ఆడి పేరేటి?" అని అడిగారు.

అప్పుడు నాకు తల తీసేసినట్టైంది. మాకు పేరు తెలియదు. గంజి గుర్తుంది, నవ్వు గుర్తుంది. ముసలామె పేరు గానీ కొడుకు పేరు గానీ మా ఇంట్లో ఎవరూ దాచలేదు.

తెలియదన్నాను.

ఆయన బయటి కొబ్బరిచెట్ల వైపు చూశారు. "మా తాత పేరు సిమాచలం" అన్నారు. "ఆడే అనుకుందాం. కాకపోతే మా తాతలాటోడు ఇంకోడు. ఎవుడైతే ఏటి." తర్వాత ఇల్జె వైపు తిరిగారు. "గంజి అడిగినాడంట, ఇన్నావా? తల్లిని."

"ఇన్నాను మామా."

"ఆయమ్మకి తెలిసిపోయుంటాది లా" అన్నారాయన. "ఎప్పుడూ అడగనోడు అడిగితే తెల్దా?"

కొంగు లేదు కాబట్టి ఇల్జె చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంది.

ముసలాయన కాగితం నా ముందునుంచి తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "తాత సెలవు సెలవు అని ఏడిసింది దొర కోసమని మేం అందరం అనుకున్నాం" అన్నారు. "కాదు. తల్లికి సెప్పనేదని ఏడిసినాడు. పిచ్చోడు. సెప్పేసినాడు కదా. ఇంక ఈ సీటీ దేనికి?"

నేను తెలుగు మాష్టారిని. సెలవు అంటే అనుమతి. సెలవు అంటే వీడ్కోలు. ముప్పైయేళ్ళు రెండు అర్థాలూ బోర్డు మీద రాశాను. వాటిలో ఒకటి మాత్రమే మా ఇంటిదనుకున్నాను.

భోజనం

ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు. ముద్రను పట్టుగుడ్డలో చుట్టి జేబులో వేసుకుని లేచి నిలబడ్డాను. మా వంశంలో ఎవరూ ఎవరినీ అడగని మాట అది. నాన్నగారు చూస్తే ఏమనేవారో నాకు తెలుసు. రెండు చేతులూ జోడించాను.

"నాకు సెలవిప్పించండి" అన్నాను.

అప్పలసామిగారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. ఆ చూపులో వందేళ్ళు ఉన్నాయని రాస్తే బాగుండేది. కానీ ఉన్నది అల్లరి.

"ఇవ్వను లా" అన్నారు. "సాపాడు తిని ఎల్లు."

అరటాకు వేశారు. ఎర్రటి చేపల పులుసు, కొబ్బరిపాలతో పనసకాయ, మన వైపు వేసినట్టే ఆవపెట్టిన అరటి పువ్వు. పులుసులో చింతపండు బదులు ఏదో అడవిపండు వేస్తారట. పులుపు ఆలస్యంగా వచ్చి ఎక్కువసేపు ఉంటుంది. మా ఇంట్లో అతిథిగా వెళ్ళినచోట మారు అడగరు. పెడితే తింటారు, లేకపోతే చెయ్యి కడుగుతారు. నేను ఆకు మీద చెయ్యి ఆపి, ఇల్జె వైపు తలెత్తి, ఇంకాస్త పులుసు పొయ్యమన్నాను.

గరిటె గాల్లో ఆగింది. ఇల్జె నా కళ్ళలోకి చూసి, ఒక్క క్షణం తర్వాత నిండా పోసింది. గిన్నె లోపల పెట్టి, తాళాలు తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళింది. కారు ఇంటి వెనక వైపుకు తిప్పిన చప్పుడు వినిపించింది.

తిన్నాను. ఆకు మడిచాను. పెరట్లో చెయ్యి కడుక్కున్నాను. అప్పలసామిగారు ముందుగదిలో మనవరాలికి తమిళంలో ఏదో చెబుతున్నారు. నా బూట్లు ముందు గుమ్మంలో ఉన్నాయి. అటు వెళ్తే ఆయన చూస్తారు. చూస్తే చెప్పాలి. పెరటి మెట్టు మీద ఆకుపచ్చ రబ్బరు చెప్పులు రెండు, ఎవరెవరివో, ఉన్నాయి. వేసుకుని, చప్పుడు కాకుండా, అరటిచెట్ల పక్కనుంచి కారెక్కాను. కర్ర కూడా మర్చిపోయానని సైబర్‌జయ చేరాక గానీ తెలియలేదు.

కారు కదులుతుంటే లోపలినుంచి ముసలాయన నవ్వు ఒకటి వినిపించింది. పిలవలేదు.

పోయిన వారం ఇల్జె ఫోన్ చేసింది. బూట్లు కొరియర్‌లో పంపుదామంటే మామ తియ్యనివ్వడం లేదట. పొద్దున్న ఎండలో పెట్టి, సాయంత్రం లోపల పెడుతున్నాడట. ఎందుకని అడిగితే ఆయనన్న మాటను నాకు ఉన్నదున్నట్టు చెప్పింది:

"సెలవు అడిగినాడు, నేనివ్వనేదు. బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి. దొర ఇంకా ఇంట్లోనే ఉన్నాడు లా."

ఎడమ చెప్పు ఇంకా కరుస్తోంది. కొత్త బూట్లు కొనే స్తోమత నాకుంది. కొనలేదు.